పొద్దుటి మాత్ర

పొన్నూరు,
9-3-1986

వదినకు నమస్కారాలు.

మొన్న అన్నయ్యని గుంటూరులో డాక్టరుగారికి చూపించి, చిలకలూరిపేట దాకా వచ్చి పర్చూరు బస్సు ఎక్కించాను. చేరే ఉంటాడు. డాక్టరుగారు చెప్పింది నీతో అంతా చెప్పి ఉండడు. చెప్పినా సగం మింగేసి చెబుతాడు. అందుకే ఈ ఉత్తరం.

రక్తంలో షుగరు మూడు వందల ఇరవై ఉంది. బొటనవేలి మీద పుండు మూడు నెలలుగా మానకపోవడానికి అదే కారణమట. ఆ డాక్టరుగారు మెత్తగా మాట్లాడే మనిషి కాదు. "పంతులుగారూ, ఇలాగే తింటూ పోతే ముందు వేలు, తర్వాత పాదం, ఆ పైన మీ ఇష్టం" అన్నారు. అన్నయ్య నవ్వి ఊరుకున్నాడు. నాన్న పోయింది కూడా ఈ జబ్బుతోనేమో అనిపిస్తోంది. అప్పట్లో మనకేం తెలుసు?

ఇక నీ పని చెబుతాను, రాసి పెట్టుకో. పంచదార మానాలి, బెల్లమూ మానాలి. బెల్లం చలవ చేస్తుందని నువ్వు వాదిస్తావని తెలుసు. రెండూ ఆ చెరకులోంచి వచ్చినవే. అన్నం మధ్యాహ్నం ఒక్కపూట, అదీ కొంచెం. రాత్రికి జొన్నరొట్టె, ఆకుకూర. పొద్దున్నే మైలు దూరం నడక. టిఫినుకి అరగంట ముందు ఒక మాత్ర. మా స్కూలు సైన్సు మేష్టారిని బతిమాలి నీలిమందు సీసా, గాజు గొట్టం తీసుకున్నాను. ఫణి ఆదివారం ఇక్కడికి వస్తానన్నాడు, మీ అబ్బాయి చేతే పంపిస్తాను. ఆ మందు కాచి అందులో ఎనిమిది చుక్కలు మూత్రం వేసి మళ్ళీ కాస్తే రంగు మారుతుంది. నీలంగానే ఉంటే మంచిది, ఇటుక రంగు వస్తే చెడ్డది.

పెళ్ళిళ్ళ రోజులు వస్తున్నాయి. మంత్రం చెప్పడానికి వెళ్ళినచోట లడ్డు వెయ్యబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టమను. పాతికేళ్ళుగా బొబ్బట్లు పెట్టి మా అన్నయ్యని కొంగున కట్టేసుకున్నావు. ఇప్పుడు కాకరకాయ పెట్టి కట్టుకో, నీ గొప్పతనం చూస్తాను.

నీ ఆడపడుచు,
బాలసరస్వతి

పర్చూరు,
30-3-1986

చిరంజీవి సౌభాగ్యవతి సరస్వతికి,

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా! నువ్వు అక్కడ కూర్చుని జొన్నరొట్టె అని రాసేశావు. ఈ ఇంట్లో జొన్నపిండి మొహం ఎవరు చూశారు? మన ఇంట్లో పని చేసే కొండమ్మ వాళ్ళ చేలో పండిన జొన్నలు తెచ్చి ఇచ్చి, వాకిట్లో కూర్చుని ఎలా తట్టాలో నేర్పింది. నా మొదటి రొట్టె చూసి "అమ్మగారూ, ఇది రొట్టె కాదండీ, పిడకండీ" అంది. మీ అన్నయ్య ఆ పిడకే తిన్నారు. నాలుగో రోజుకి గుండ్రంగా వచ్చింది.

నీ మందు సీసా వంటింట్లోకి రానివ్వలేదు. దొడ్లో బావి అవతల మూడు రాళ్ళు పెట్టి, పత్తికట్టె మంట వేసి కాచాను. "వేదం చెప్పుకున్న ఇంట్లో ఇదేం పాకమే" అని ఆయన నవ్వడం. నవ్వుతూనే ఉన్నారు, నీలంగా ఉన్న మందు పచ్చబడింది, పసుపైంది, చివరికి కొత్త ఇటుక రంగుకి తిరిగింది. నాకు నవ్వు ఆగిపోయింది. ఇంతకాలం ఆయనకి కడుపునిండా పెడుతున్నాననే అనుకున్నాను.

కాఫీలో పంచదార మాన్పించాను. మొదటి రోజు గ్లాసు వంక చూసి, "ఇది కాఫీ కాదు, శిక్ష" అన్నారు. బెల్లం డబ్బా కొండమ్మకి ఇచ్చేశాను. మాత్ర వేసుకుంటున్నారు. బయట తినే సంగతి మాత్రం నన్ను అడక్కు. ఆయన వృత్తి అటువంటిది. పిలిచి విస్తరి వేశాక వద్దంటే పెట్టినవాళ్ళు నొచ్చుకుంటారు.

ఆశీస్సులతో,
వదిన జ్ఞానప్రసూన

పొన్నూరు,
20-4-1986

వదినకు నమస్కారాలు.

పిడక సంగతి చదివి మా వారు లక్ష్మీనరసింహంగారు బ్యాంకుకి వెళుతూ వెళుతూ వీధి గుమ్మంలోనే నిలబడి నవ్వారు. నాకూ ఒకటి దాచిపెట్టు, పిడకల దండలో గుచ్చుకుంటాను.

నొచ్చుకుంటారన్నావు. నొచ్చుకోనీ. అన్నయ్య వేలు వాళ్ళిస్తారా? పుచ్చుకునేవాడు వద్దంటే పెట్టేవాడు బలవంతం చెయ్యడు. మొహమాటం ఎప్పుడూ మనవైపే ఉంటుంది.

ఇంకో మాట. మొన్న గుంటూరులో చూస్తే అన్నయ్య గొంతు మరీ బొంగురుపోయింది. రెండేళ్ళ కిందట వచ్చిన జబ్బు తగ్గిందనుకున్నాను. ఆ గొంతుతో పెళ్ళిళ్ళు ఎలా చేయిస్తున్నాడు? నాన్న మంత్రం వీధి చివరికి వినిపించేది. అన్నయ్యదీ అంతే కదా. నిజం రాయి.

బాలసరస్వతి

పర్చూరు,
15-6-1986

చిరంజీవి సౌభాగ్యవతి సరస్వతికి,

ముందు శుభవార్త. పుండు మానింది. కొత్త చర్మం పసిపిల్లల పెదవిలా లేతగా వచ్చింది. పొద్దున్నే మిరపచేల గట్టు దాకా నడిచి వస్తున్నారు. మనిషి కాస్త తగ్గారు, కానీ మొహంలో కళ వచ్చింది. నీ నీలిమందు వారం రోజుల పాటు ఆకుపచ్చ దాటలేదు. ఒకరోజు అచ్చంగా నీలంగా ఉండిపోతే, నేను చుక్కలు వెయ్యడం మరిచిపోయానేమో అనుకుని మళ్ళీ కాచాను. మళ్ళీ నీలమే! ఆ గొట్టం పట్టుకుని వీధిలోకి పరుగెత్తబోతే, "ఊరంతా చూపిస్తావుటే" అని కొంగు పట్టుకుని ఆపారు.

దొంగతనం కూడా ఒకటి బయటపడింది. పంచాంగాల వెనక బెల్లం ముక్క. చీమలు పట్టించాయి. "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అని నన్నే సముదాయించబోయారు. రెండు రోజులు మాట్లాడలేదు నేను. మూడో రోజు తనే కాకరకాయ వేపుడు అడిగి పెట్టించుకున్నారు.

గొంతు సంగతి అడిగావు. ఎలాగో నెట్టుకొస్తున్నారులే.

నీ దగ్గర దాచడం ఎందుకు, నెలలో నాలుగైదు రోజులు మాత్రం ఇప్పటికీ ఇటుక రంగే వస్తోంది. బయట కార్యం ఉన్న రోజులవి. ఆ రోజుల్లో పొద్దుటి మాత్ర కూడా వేసుకోరు. వేసుకుంటే అక్కడ కళ్ళు తిరుగుతాయంటారు. నేనూ బలవంతం చెయ్యను.

వదిన

పొన్నూరు,
2-7-1986

వదినకు,

పుండు మానిందని చదివి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆఖరి నాలుగు లైన్లు చదివాక ఒళ్ళు మండింది. నెలకి నాలుగైదు రోజులు మాత్ర మానేస్తున్నాడా? నువ్వు చూస్తూ కూర్చున్నావా? అవే తీపి తినే రోజులు, అవే మాత్ర మానే రోజులు! దొంగ వచ్చే వేళకి తలుపు తీసి పెట్టడమంటే ఇదే.

మా స్కూల్లో రెబ్కా టీచరని చెప్పాను కదా. వాళ్ళాయన ఇమ్మానియేలుగారు ఇక్కడి చర్చిలో పాస్టరు. బంగారంలాంటి మనిషి. ఆయనా ఇలాగే, చర్చి పనుల మీద ఊళ్ళు తిరుగుతూ మందు వేసుకున్నరోజు వేసుకున్నట్టు, మానినరోజు మానినట్టు. పోయిన నెల ఒక కాలు మోకాలి కిందకి తీసేశారు. నేను ఆస్పత్రికి వెళ్ళి చూశాను. దుప్పటి ఒక పక్క ఎత్తుగా ఉంది, రెండో పక్క మంచానికి అతుక్కుని ఉంది. రెబ్కా టీచరు నా చెయ్యి పట్టుకుని, "నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది సరస్వతమ్మా" అని ఏడ్చింది. నువ్వు ఆ మాట అనే రోజు రాకూడదు.

కళ్ళు తిరగడాలు, కడుపులో తిప్పడాలు, అన్నీ సాకులు. చిన్నప్పుడు ఆముదం తాగమంటే కూడా అన్నయ్యకి కళ్ళు తిరిగేవి. కార్యం ఉన్నా లేకపోయినా మాత్ర మానడానికి వీల్లేదు. నీ చేత్తో మింగించు. నోరు తెరిపించి చూడు. నా మీద ఒట్టు.

సరస్వతి

పర్చూరు,
12-8-1986

సరస్వతికి,

ఆలస్యంగా రాస్తున్నాను. నీ ఉత్తరం చదివి కొంచెం కష్టం కలిగిన మాట నిజం. నేనేదో ఆయన్ని గాలికొదిలేసినట్టు రాశావు. అయినా నీకు అన్న, అంతమాట అనే అధికారం నీకుంది.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. శ్రావణంలో రెండు కార్యాలు వచ్చాయి. రెండు రోజులూ మాత్ర నా చేత్తో వేశాను. మొదటిసారి సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. చేతులు వణుకుతున్నాయి. "నీ ఆడపడుచు చెప్పిందని నన్ను చంపుతావుటే" అన్నారు నవ్వుతూనే.

కోప్పడకుండా ఒక్కటి అడిగి చెప్పు. ఖాళీ కడుపున ఆ మాత్ర వేసుకోవచ్చా? డాక్టరుగారిని కనుక్కుంటావా?

జ్ఞానప్రసూన

పొన్నూరు,
22-8-1986

వదినకు,

దీనికి గుంటూరు వెళ్ళి డాక్టరుగారిని అడగాలా? టిఫినుకి ముందు ఖాళీ కడుపున వేసుకునే మాత్రే అది. మొదటి ఉత్తరంలోనే రాశాను. అన్నయ్య నీకు నేర్పి పంపిన ప్రశ్నలా ఉంది. కరిగిపోకు.

దసరా సెలవుల్లో వస్తాను. అందరికీ కలిపి నువ్వే జొన్నరొట్టెలు తట్టాలి.

సరస్వతి

పొన్నూరు,
14-10-1986

వదినకు,

దసరాకి వస్తానని రాశాను. సెలవులు ఇవ్వకముందే అన్నయ్య కోసం రావలసి వచ్చింది. కర్మ జరిగిన పదమూడు రోజులూ అక్కడే ఉండి, నిన్ను ఏమీ అడగకుండా తిరిగొచ్చాను. నీ మొహం చూసి అడగలేకపోయాను. ఉత్తరంలో అడుగుతున్నాను.

తద్దినం జరిపించడానికి పక్కూరు వెళ్ళి అక్కడ పడిపోయాడని చెప్పారు. చీరాల ఆస్పత్రి కాగితం ఫణి సంచిలో ఉంటే చదివాను. రక్తంలో షుగరు బాగా తగ్గిపోయి స్పృహ తప్పిందని ఉంది. నిన్న గుంటూరు వెళ్ళి డాక్టరుగారికి చెప్పాను. "ఆ రోజు ఆయన ఏం తిన్నారు? మాత్ర వేసుకుని భోజనం మానేశారా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. "మాత్ర వేసుకున్నాక అరగంటలో తినాలమ్మా. తినకపోతే అది మనిషినే తినేస్తుంది" అన్నారు.

తద్దినం చేయించే బ్రాహ్మడు కాఫీ తాగి వెళ్ళినా ఎవరూ తప్పుపట్టరు. మా అన్నయ్య ఆ రోజు ఎందుకు తినలేదు? అక్కడ ఎవరిని అడిగినా తల పక్కకి తిప్పుకున్నారు. ఫణి లేచి దొడ్లోకి వెళ్ళిపోయాడు. నువ్వైనా చెప్పు. ఆ రోజు అన్నయ్య ఏం తిన్నాడు?

సరస్వతి

పర్చూరు,
26-10-1986

సరస్వతికి,

ఏమీ తినలేదు.

ముందు రోజు మధ్యాహ్నం తిన్న అన్నమే ఆఖరు. రాత్రి ఏమీ లేదు. పొద్దున్న ఆరింటికి నీళ్ళతో మాత్ర, అది నేను వేశాను. వద్దన్నారు. "ఇవాళ ఆలస్యమవుతుందే, వాళ్ళ తమ్ముడు బాపట్ల నుంచి రావాలి" అన్నారు. నేను గ్లాసు చేతిలో పెట్టి ఎదురుగా నిలబడ్డాను. మింగి, నోరు తెరిచి చూపించి, చెప్పులేసుకుని వెళ్ళారు.

నీకు రెండేళ్ళుగా దాచిన సంగతి ఇప్పుడు చెబుతున్నాను. మీ అన్నయ్య వెళుతున్నది మంత్రం చెప్పడానికి కాదు. గొంతు పోయాక పెళ్ళికీ పిలవలేదు, పేరంటానికీ పిలవలేదు. మిగిలింది ఒక్కటే, భోక్తగా కూర్చోవడం. పోయినవాళ్ళ పేర పెట్టే అన్నం వాళ్ళకి బదులుగా తినడానికి గొంతుతో పని లేదు. మొదటిసారి వెళ్ళి వచ్చిన రోజు బావి దగ్గర చాలాసేపు కూర్చుండిపోయారు. "నాన్న భోక్తలతో కలిసి పంక్తిలో కూడా కూర్చునేవాడు కాదు. సరస్వతికి తెలిస్తే దాని మొహం చూడలేను" అన్నారు. నీతో చెప్పనని నా చేత ప్రమాణం చేయించుకున్నారు.

భోక్త నియమం నీకు తెలుసు. ముందు రాత్రి ఉపవాసం. తెల్లవారి వాళ్ళ పితృదేవతలకి వడ్డించే దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. విస్తట్లో పడింది వద్దనకూడదు, భోక్త వద్దంటే పోయినవాళ్ళు వద్దన్నట్టే. పరమాన్నం, అరిసెలు, బూరెలు. ఆ ఇటుక రంగు అందుకే వచ్చేది. ఆయనకి ఏ డాక్టరూ చెప్పకుండానే తెలిసింది, ఆ రోజుల్లో మాత్ర పడదని. ఒంటికి తెలిసింది. దాన్ని మనిద్దరం సాకు అన్నాం.

ఖాళీ కడుపున వెయ్యొచ్చా అని నిన్ను అడిగిన రోజు, మధ్యాహ్నం మూడింటి దాకా ఖాళీ అని రాయాలనుకున్నాను. రాస్తే ఎందుకని అడుగుతావు. ప్రమాణం పోతుంది. కలం అక్కడ ఆగిపోయింది. ఆ ఒక్క మాట రాసి ఉంటే మీ అన్నయ్య ఈ పూట ఇంట్లో ఉండేవారు.

మహాలయ పక్షాల్లో శుక్రవారం అది. బాపట్ల బస్సు రాలేదట. రెండయింది, మూడయింది. చెమటలు పోస్తున్నాయని ఆ ఇంటి ఇల్లాలు కాఫీ ఇవ్వబోతే, "నియమం అమ్మా" అన్నారట. తర్వాత మాట తడబడి అరుగు మీదే ఒరిగిపోయారు. వంట చేస్తున్న వెంకటేశ్వరమ్మగారు బెల్లం నీళ్ళు కలిపి తెచ్చిందట. అక్కడున్న మగవాళ్ళు "షుగరు మనిషికి తీపి పోస్తావా, చంపుతావా" అని చెంబు లాక్కున్నారు. ఆయన షుగరు మనిషని ఆ ఇంటికి తెలియజేసింది నేనే. తీపి తక్కువ వడ్డించండమ్మా అని ముందు వారం కబురు పెట్టాను. జీపు దొరికి చీరాల చేరేసరికి దీపాలు పెట్టారు. తెల్లవారుజామున పోయారు.

అదీ జరిగింది. నిన్ను ఏమీ అననులే. మాత్ర వేసిన చెయ్యి నాది.

జ్ఞానప్రసూన

పొన్నూరు,
5-11-1986

జ్ఞానప్రసూనాంబగారికి,

మీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను.

మా అన్న ఎవరింట్లోనో కూర్చుని అన్నం తింటే నేను తలవంచుకుంటానని మీరిద్దరూ అనుకున్నారు. అంత చిన్నమనిషినని అనుకున్నారు. రిక్షా తొక్కినా అన్నయ్య అన్నయ్యేనని నేను ఒక్కనాడైనా అనకపోవడం నా తప్పే కావచ్చు. నాన్న పేరు ఎత్తినప్పుడల్లా నా గొంతులో గర్వం ఉండేది, అది విని భయపడ్డాడేమో. నాకు తెలియదు. ఇప్పుడు ఎవర్ని అడగను?

ఒట్టు పెట్టింది నేను. నోరు తెరిపించి చూడమన్నది నేను. అది నాకు తెలుసు, మీరు దాచిపెట్టి దయ చూపనక్కర్లేదు. కానీ మీరు రాయాల్సిన ఒక్క మాట రాయలేదు. మిమ్మల్ని క్షమించానని రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. మాసికానికి రాను. కొన్నాళ్ళు నాకు ఉత్తరం రాయకండి.

బాలసరస్వతి

పర్చూరు,
30-11-1986

సరస్వతికి,

రాయవద్దన్నావు. ఈ ఒక్కటీ చదివి నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి.

నిన్న మాసికం. ఫణి చిలకలూరిపేట మిల్లులో సెలవు పెట్టి వచ్చాడు. భోక్త దొరకలేదు. చివరికి పురోహితుడుగారు ఇంకొల్లు వైపు నుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. సన్నగా ఉన్నారు. పంచె అంచు చిరిగితే కుట్టుకున్నారు. వచ్చి అరుగు మీద ఒక మూలగా కూర్చున్నారు, ఇంటివాళ్ళకి అడ్డం రాకూడదన్నట్టు. మీ అన్నయ్య కూడా పరాయి ఇళ్ళలో అలాగే కూర్చుని ఉంటారు.

పదకొండయింది, పన్నెండయింది. నేను తలుపు చాటున నిలబడి ఆయన చేతులే చూస్తున్నాను. మామూలుగా ఉన్నాయి. కాసేపటికి ఉత్తరీయంతో నుదురు తుడుచుకున్నారు. మళ్ళీ తుడుచుకున్నారు. ఇక నిలబడలేకపోయాను. నేను ఇప్పుడున్న స్థితిలో నలుగురి ముందుకి రాకూడదు. వచ్చాను. "బాబుగారూ, పొద్దున్న ఏదైనా మాత్ర వేసుకున్నారా?" అని అడిగాను. ఆయన కంగారుపడ్డారు. పురోహితుడి వంక చూసి, నా వంక చూసి, "షుగరు మాత్రమ్మా. కోడలు వేసుకోనిదే కదలనివ్వదు" అన్నారు మెల్లగా.

లోపలికి వెళ్ళి గ్లాసుడు పాలలో పంచదార కలిపి తెచ్చాను. మన ఇంట్లో పంచదార లేదు, పక్కింటి నుంచి తెచ్చాను. అరటిపండు కూడా పెట్టాను. ఆయన పుచ్చుకోనన్నారు. "నియమం తల్లీ" అన్నారు. అచ్చం ఆ మాటే. నా ఒళ్ళు తెలియలేదు సరస్వతీ. గ్లాసు ఆయన చేతిలో పెట్టి, మీరు తాగేదాకా ఈ ఇంట్లో మంత్రం మొదలు కాదన్నాను.

పురోహితుడుగారు లేచి నిలబడ్డారు. "భోక్త ఎంగిలిపడితే కార్యం చెడుతుందమ్మా. పితృదేవతలు ఎలా వస్తారు? మీ ఆయన ఆత్మ ఆకలితో వెనక్కి పోతుంది" అన్నారు.

"ఆయన సంగతి నాకు తెలుసు. రాకపోతే రాకపోనీండి. ఈయన మాత్రం ఇంటికి వెళ్ళాలి" అన్నాను.

ఫణి నన్ను ఆపుతాడనుకున్నాను. వాడు వచ్చి ఆయన పక్కన కూర్చుని, అరటిపండు ఒలిచి ఇచ్చాడు. ఆయన తాగారు. గ్లాసు కింద పెట్టేటప్పుడు చెయ్యి వణికింది, కొంచెం సేపటికి తగ్గింది. తర్వాత పురోహితుడుగారు సణుక్కుంటూనే మొదలుపెట్టారు. విస్తట్లో ఆయన వద్దన్నది వెయ్యలేదు. చాలన్నచోట ఆపేశాను.

ఎండ తగ్గాక బయల్దేరారు. బస్సు దాకా ఫణిని తోడు పంపించాను. ఆయన సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాను. తిన్నగానే నడుస్తున్నారు.

వదిన